ర్యాకుల మీద గ్రీకు

లొగొస్, లొగూ, లొగో, లొగొన్. వాక్యము, వాక్యము యొక్క, వాక్యమునకు, వాక్యమును. ఈ నాలుగు ముక్కలు నోటికి పట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అదీ ఏకవచనమే. బహువచనం సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

నా పేరు బాలరాజు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నీళ్ళ మోటార్ల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో స్టోర్స్ చూస్తాను. నట్టు, బోల్టు, వాషరు, సీలు, బేరింగు, ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసిస్తాను. ఆదివారాలు మాత్రం మల్లాపూర్ పోయే దారిలో రేకుల షెడ్డులో నలభై మంది కూడే ఒక చిన్న సంఘాన్ని నడుపుతాను. పదకొండేళ్ళుగా ప్రార్థన నేనే చేస్తున్నాను, వాక్యం నేనే చెప్తున్నాను, ఎవరైనా దవాఖానాలో పడితే నేనే పోతున్నాను. కానీ నాకు పాస్టరుగా అభిషేకం కాలేదు. అభిషేకం లేనివాడు ప్రభువు బల్ల ముందు నిలబడి, యేసయ్య శరీరానికి గుర్తుగా రొట్టె విరవకూడదు. అందుకని నెలకొక ఆదివారం అన్నోజిగూడ నుంచి వేరే పాస్టరు గారు వచ్చి, రొట్టె విరిచి, గిన్నె అందించి, పన్నెండు కొట్టేలోపల బండెక్కుతారు. ఆ గంటసేపు నేను అందరితో పాటు చాప మీద కూర్చుంటాను.

మా సంఘంలో బిక్షపతి తాత అని ఒక పెద్దాయన మంచాన పడ్డాడు. ఇల్లు మూడో అంతస్తులో. ఆయన దగ్గరికి ఎక్కి పోవడానికి పాస్టరు గారికి తీరిక ఉండదు, నాకు అధికారం ఉండదు. ఎనిమిది నెలలుగా తాత రొట్టె ముట్టలేదు. నేను పోయినప్పుడల్లా ఒక్కటే అడుగుతాడు, నువ్వెప్పుడిస్తవ్ కొడుకా అని. త్వరలోనే అని చెప్పి మెట్లు దిగుతాను. దిగేటప్పుడు మోకాళ్ళకన్నా మనసే ఎక్కువ నొస్తుంది.

అభిషేకం కావాలంటే మా సంఘాల పెద్దలు పెట్టిన నాలుగు పరీక్షలు గట్టెక్కాలి. మూడు గట్టెక్కాను. నాలుగోది గ్రీకు. కొత్త నిబంధన మొదట ఆ భాషలోనే రాశారు కాబట్టి, దాన్ని బోధించేవాడికి ఆ భాష కొంతైనా రావాలని పెద్దల పట్టుదల. మొదటిసారి ముప్ఫై ఒకటి వచ్చింది, రెండోసారి ముప్ఫై ఎనిమిది. యాభై రావాలి. మూడోసారీ తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. మా రేకుల షెడ్డుకు వేరే మనిషిని పంపిస్తారు. నేను శాశ్వతంగా చాప మీదే.

క్లాసులు ఉప్పల్ డిపో దాటాక, మేడిపల్లి వైపు, ఒక టైర్ల దుకాణం పైన గదిలో జరుగుతాయి. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు. చెప్పేది ప్రజ్ఞ మేడం. కాకినాడ అమ్మాయి. నేను ఐటీఐ పాసైన ఏడు పుట్టింది. కింద టైరులోకి గాలి కొట్టే చప్పుడు వినిపిస్తుంటే పైన ఆమె ఓపిగ్గా తోకలు చెప్తుంది. తోకలు అన్నది నా మాట. ఆమె వాటిని విభక్తి ప్రత్యయాలు అంటుంది.

మీకు పుట్టుకతోనే ఎనిమిది విభక్తులు వచ్చాయి, గ్రీకులో ఉన్నవి ఐదే, పైగా పొట్టి ఒకారం, పొడుగు ఓకారం తేడా మనకు ముందే తెలుసు, మీకు ఇది సులువు కావాలి బాలరాజు గారూ అని మొదటి రోజే ధైర్యం చెప్పింది. అక్కడే వచ్చింది చిక్కు. నాకు ఎనిమిది వచ్చని ఎవరూ చెప్పనంత కాలం హాయిగా మాట్లాడుకున్నాను. చెప్పిన రోజు నుంచి బస్సులో టికెట్ అడగాలన్నా ఇది చతుర్థా షష్ఠా అని ఆగిపోతున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, అది నన్ను చూసే అని ఉంటారు.

తోకలన్నా నయం. 'లో', 'తో', 'నుంచి' లాంటి చిన్న మాటలు ఉన్నాయే, అవి నా తల తిన్నాయి. తెలుగులో ఇల్లు ముందొస్తుంది, 'లో' వెనకొస్తుంది. ఇంట్లో. అయిపోయింది. గ్రీకువాడు ముందే 'లో' అనేస్తాడు, దేంట్లోనో తరవాత చెప్తాడు. సరే, వాడి అలవాటు అనుకుందాం. 'లో' అనేశాక ఇంటికి మళ్ళీ తోకెందుకు? తగిలిస్తాడు. పైగా ఆ తోక మారితే ముందున్న చిన్న మాట అర్థం కూడా మారిపోతుంది. 'మెతా' అనే మాట ఒక తోకతో 'తోడుగా' అవుతుంది, ఇంకో తోకతో 'తరవాత' అవుతుంది. తోడుగా వచ్చినవాడికీ తరవాత వచ్చినవాడికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్ళు పెళ్ళి భోజనాలు ఎట్లా వడ్డించుకున్నారో నాకు అర్థం కాలేదు. అదే మేడంని అడిగాను. తోకలు వేరు కదండీ అంది. ఆమెకు అన్నిటికీ అదే జవాబు.

అన్నిటికన్నా కొరకరాని కొయ్య 'పరా'. దానికి మూడు తోకలు, మూడు అర్థాలు. పక్క నుంచి, పక్కన, పక్కకి. రెండుసార్లు పరీక్షలో అది వచ్చింది, రెండుసార్లూ నేను మూడింటినీ తారుమారు చేశాను.

జూలైలో ఒకరోజు, రెండో ఫలితం వచ్చిన కొత్తలో, ఇక నా వల్ల కాదు మేడం అని పుస్తకం మూసేశాను. ఆమె బతిమాలలేదు. మీ స్టోర్స్‌లో ఎన్ని రకాల సామాన్లు ఉంటాయి అని అడిగింది. పన్నెండు వందలు అన్నాను. వాటన్నిటినీ బట్టీ పట్టారా అంది. బట్టీ ఎందుకు, చోటు గుర్తుంటుంది కదా, ముప్పావు ఇంచి సీలు అనగానే చెయ్యే మూడో ర్యాకు రెండో అరకు పోతుంది అన్నాను. "అయితే వీటిని కూడా అక్కడే పెట్టండి" అంది.

పెట్టాను. పాత అట్టపెట్టెలు చిట్టీలుగా కత్తిరించి, నల్ల మార్కరుతో ఒక్కొక్క మాట రాసి, స్టోర్స్ అంతా అంటించాను. సరుకు లోపలికొచ్చే గుమ్మం దగ్గర 'ఎయిస్', అంటే లోనికి. సరుకు ఉండే మొదటి ర్యాకు మీద 'ఎన్', అంటే లో. సరుకు బయటికిచ్చే కిటికీ దగ్గర 'ఎక్', అంటే లోంచి బయటికి. ర్యాకు కాళ్ళ దగ్గర 'హుపో', అంటే కింద. బోల్టుల అరల మీద పుంలింగాలు, వాషర్ల మీద స్త్రీలింగాలు, సీళ్ళ మీద ఏదీ కానివి. 'పరా'ను మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక, తలుపు చట్రం పక్కన, నా భుజం తగిలే ఎత్తులో అంటించాను. వస్తూ పోతూ గుద్దుకుంటే అయినా బుర్రకెక్కుతుందని.

కంపెనీలో ఇరవై రెండు మందిమి. నాతో పాటు యేసయ్యను నమ్మినవాడు ఇంకొకడు లేడు. సూపర్‌వైజర్ నరేందర్ ఆ చిట్టీలు చూసి ఇవేం మంత్రాలని అడిగాడు. పరీక్ష పాఠాలని చెప్పాను. మస్తుగున్నయ్, జిలేబీల లెక్క అని పోయాడు. అందరికీ తెలిసిపోయింది, బాలరాజు ఏదో పరీక్ష రెండుసార్లు తప్పాడని, ఈసారి తప్పితే ఆయన చర్చి ఆయనకు ఉండదని. లంచ్‌లో నేను స్టోర్స్ బల్ల మీద పుస్తకం తెరిచి కూర్చుంటే ఎవరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు. కిటికీ దగ్గరే నిలబడి మెల్లగా వాషర్లు అడిగేవాళ్ళు.

ఆ మర్యాద నేర్పింది సత్తమ్మక్క. ఆమె ప్యాకింగ్ చేస్తుంది, ఊడుస్తుంది, అందరినీ తిడుతుంది. జనగామ వైపు మనిషి. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఆమె గురించి ఒక సంగతి చెప్పాలి. మా కంపెనీలో ఏటా దసరాకు ముందు ఆయుధపూజ చేస్తారు. దుర్గమ్మ ఫోటో పెట్టి, మిషన్లకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ సమయానికి నాకు గేటు దగ్గర ఏదో పని పడుతుంది. అది పని కాదని అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. మా వాళ్ళం దేవుళ్ళకు పెట్టింది తినం. నేను చేరిన మొదటి ఏడాదే సత్తమ్మక్క అది కనిపెట్టింది. అప్పటి నుంచి పులిహోర, గారెలు దేవుడి ముందు పెట్టకముందే ఒక స్టీలు డబ్బాలో నా వంతు పక్కకు తీసి, పూజ అయ్యాక తెచ్చి నా బల్ల మీద పెడుతుంది. ఇది ముందుగాలనే తీసిన, తిను అంటుంది. పదకొండేళ్ళుగా అదే డబ్బా, అదే మాట.

ఈ ఏడు పరీక్ష దసరా తరవాతి శనివారం పది గంటలకు పడింది. దసరా గురువారం. ఆయుధపూజ బుధవారం. ఆ రోజు హాల్ టికెట్ మీద ఫోటో అంటించి ముద్ర వేయించుకోవాలంటే మధ్యాహ్నం ఉప్పల్ పోయాను. పదకొండేళ్ళలో మొదటిసారి నాకు పూజ వేళ నిజమైన పని పడింది. రింగ్ రోడ్డు దగ్గర బంతిపూల బండ్ల మధ్య ఇరుక్కుని, తిరిగి వచ్చేసరికి నాలుగున్నర.

స్టోర్స్‌లో అడుగుపెట్టబోయి ఆగిపోయాను. నేల కడిగి ముగ్గు వేసి ఉంది. ర్యాకులన్నీ సబ్బునీళ్ళతో తుడిచి ఉన్నాయి, ఒక్క చిట్టీ లేదు. నా బల్ల మీద దుర్గమ్మ ఫోటో, దాని ముందు సుత్తులు, స్పానర్లు, మందం కొలిచే వెర్నియర్, తూకం మిషను. వాటన్నిటికన్నా ముందు, ఫోటోకు ఆనించి, నా గ్రీకు పుస్తకం. అట్టకు నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, పైన ఒక బంతిపువ్వు. పక్కన స్టీలు పళ్ళెంలో నా చిట్టీలన్నీ ఒద్దికగా పేర్చి, వాటి మీద అక్షింతలు.

అప్పుడు నోరు తెరిచుంటే మంచి మాట వచ్చి ఉండేది కాదు. సత్తమ్మక్క వెనక నుంచి వచ్చింది, చేతిలో స్టీలు డబ్బా.

"అందరు ఎవల పనిముట్టు ఆళ్ళు పెట్టుకున్నరు" అంది. "నీ పనిముట్టు ఏందని జూసిన తమ్మీ. తూకం మిషను కంపెనీది. గీ పుస్తకమొక్కటే నీది. అందుకే ముందుగాల పెట్టిన. చిట్టీలు గూడ పారెయ్యలే, అక్షరాలు గదా."

ఎప్పుడు తీస్తారని అడిగాను. సోమవారం పొద్దున కంపెనీ తెరిచాక, కొబ్బరికాయ కొట్టి తీస్తారట. అప్పటిదాకా ఎవరూ ముట్టకూడదట. యజమాని శుక్ర, శని కూడా కలిపి సెలవిచ్చాడు. నా పరీక్ష దసరా తరవాత అని ఆమెకు తెలుసు, శనివారమే అని తెలియదు. నేనే చెప్పలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. కానీ ఆమె డబ్బా నా చేతిలో పెట్టి, "ఇది ముందుగాలనే తీసిన, తిను" అంది. ఈసారి పాసయితవ్ అని కూడా అంది. ఇంకేం చెప్పను? డబ్బా పట్టుకుని, స్టోర్స్‌కు తాళం వేసి, ఇంటికి వచ్చేశాను.

దసరా రోజంతా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ప్రజ్ఞ మేడం సెలవులకు ఊరెళ్ళింది. ఫోను చేసి పుస్తకం కంపెనీలో ఉండిపోయిందని మాత్రం చెప్తే, మొత్తం పుస్తకం ఫోనులోకి పంపించింది. ఏం లాభం? అది ఇంగ్లీషు పుస్తకం. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. నా పుస్తకంలో ప్రతి పేజీ అంచున రెండేళ్ళుగా నేను తెలుగులో రాసుకున్న రాతలే నాకు పాఠం. ఫోను తెర మీద ఆ ఇంగ్లీషు, ఆ గ్రీకు రెండూ చీమల బారుల్లా ఉన్నాయి. ఏ చీమ ఎటు పోతోందో తెలియలేదు. మా ఆవిడ దీప నన్ను చూసి చూసి, తాళంచెవి నీ జేబులనే ఉంది కదా, పోయి తెచ్చుకో అంది.

నిజమే. స్టోర్స్ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

శుక్రవారం పొద్దున్నే పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ పోశయ్య, పండగపూట ఏం పని అన్నాడు. చిన్న పని అన్నాను. స్టోర్స్ తాళం తీసి, తలుపు తోసి, గడప ఇవతలే నిలబడ్డాను. దీపం కొండెక్కింది. బంతిపూలు వాడాయి. పుస్తకం అట్లాగే ఉంది. ఆరడుగులు నడిస్తే చేతికొస్తుంది.

మనసులో పెద్ద పంచాయితీ మొదలైంది. అది అట్ట, కాగితం, పసుపు, అంతే కదా, తీసుకుంటే ఏమవుతుంది అన్నాడు నాలోని బోధకుడు. ఏమీ కాదని నాకు తెలుసు. ముట్టకుండా పోతే ఆ ఫోటోకు భయపడ్డట్టే కదా అని కూడా అన్నాడు. భయం కాదురా, సత్తమ్మక్క సోమవారం వచ్చి చూసుకుంటుంది అన్నాను. సోమవారంలోపు తెచ్చి మళ్ళీ అట్లాగే పెట్టేయొచ్చు, పువ్వుతో సహా అన్నాడు. పెట్టొచ్చు. అప్పుడు ఏటా నా కోసం డబ్బా విడిగా తీసిన మనిషిని నేను మోసం చేసినట్టు. తీసుకోకపోతే? బిక్షపతి తాతను మోసం చేసినట్టు. మా సంఘంలో ఎవరైనా వచ్చి ఇదే ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. పదకొండేళ్ళు జనానికి దారి చెప్పినవాణ్ణి, ఒక గడప దగ్గర దారి తెలియక నిలబడ్డాను. ఏడుపొచ్చింది, ఆ మాట దాచుకోను.

ఎంతసేపు నిలబడ్డానో. కళ్ళు తుడుచుకుంటూ ఖాళీ ర్యాకుల వైపు చూశాను. మొదటి ర్యాకు పైఅరలో ఏముండేది? నోరు దానంతటదే 'ఎన్' అంది. లో. ఆ కింద? లొగొస్. పక్కన లొగూ. చూపు కిటికీ మీదికి పోయింది, 'ఎక్'. బోల్టులు, వాషర్లు, సీళ్ళు, ఒక్కొక్క అరా చూస్తుంటే ఒక్కొక్క తోకా వస్తోంది. సబ్బునీళ్ళతో కడిగినా అక్కడక్కడా జిగురు మరకలు మిగిలాయి. మరక లేనిచోట కూడా మాట వస్తోంది. బేరింగుల ర్యాకు దగ్గర రెండు దొరకలేదు. పోనీ అనుకున్నాను.

ఆఖరికి నా భుజం తలుపు చట్రానికి తగిలింది. 'పరా'. లోపలికి పోలేదు, వెనక్కి పోలేదు, పక్కన ఉన్నాను. ఇంకాసేపట్లో ఈ పక్క నుంచే పోతాను. రేపు కాకపోతే సోమవారం మళ్ళీ ఈ పక్కకే వస్తాను. పక్కన, పక్క నుంచి, పక్కకి. రెండేళ్ళుగా తారుమారైన మూడూ వరసగా వచ్చి నిలబడ్డాయి.

తలుపు దగ్గరికి వేసి తాళం పెట్టాను. పని అయిందా అన్నాడు పోశయ్య. ఏమో అన్నాను. నిజంగానే తెలియదు.

శనివారం పరీక్షలో నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే, పర్యవేక్షకుడు నిద్రపోతున్నాననుకుని రెండుసార్లు బల్ల తట్టాడు. నేను స్టోర్స్‌లో తిరుగుతున్నానని ఆయనకేం తెలుసు. బేరింగుల ర్యాకు దగ్గరి ప్రశ్న వదిలేశాను. మిగతావి రాశాను.

సోమవారం కొబ్బరికాయ కొట్టి, సత్తమ్మక్క పుస్తకాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. ఇగ మంచిగ సదువుకో, పరీక్ష ఎన్నడు అని అడిగింది. అబద్ధం సిద్ధం చేసుకునే ఉన్నాను. కానీ ఆమె ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. శనివారమే అయిపోయిందన్నాను.

ఆమె లెక్క వేసుకుంది. బుధవారం నుంచి సోమవారం దాకా. పక్కనున్న ఆయిల్ డ్రమ్ము మీద కూలబడింది.

"నేనే ఆగం జేసిన" అంది. "నోరు లేదా నీకు? జెప్పొద్దా?"

అట్లా కాదక్కా, బాగానే రాశాను అన్నాను. ఆమె వినలేదు. ఆ రోజు నుంచి మూడు వారాలు ఆమె ఎవరినీ తిట్టలేదు. కంపెనీ అంతా బావురుమంటున్నట్టు ఉండేది. రోజూ పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి, వచ్చిందా అని అడిగి, రాలేదంటే తల వంచుకుని పోయేది. అప్పటిదాకా నేను అభిషేకం కోసం, బిక్షపతి తాత కోసం ప్రార్థన చేశాను. ఆ మూడు వారాలు మాత్రం, ప్రభువా, ఈమె తన వల్ల తప్పానని అనుకోకుండా చూడు అని ఒక్కటే అడిగాను. దుర్గమ్మ ముందు పెట్టిన పుస్తకానికి యేసయ్య దగ్గర సిఫారసు. ఇందులో ఏది ఒప్పో ఏది తప్పో ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది.

ప్రజ్ఞ మేడం ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోను చేసింది. "యాభై మూడు, బాలరాజు గారూ" అంది. ఆమే మళ్ళీ, మీ జవాబుల పక్కన రెండో ర్యాకు, కింది అర అని రాశారు, దిద్దినాయన అది ఏ వ్యాకరణంలోదని నన్ను అడుగుతున్నాడు, ఏం చెప్పమంటారు అంది. నాచారం వ్యాకరణం అని చెప్పమన్నాను.

సత్తమ్మక్కకు చెప్తే కొంగుతో కళ్ళు తుడుచుకుని, చీపురు పట్టుకుని పోయింది. పది నిమిషాలకు షెడ్డు అవతల ఆమె ఎవరినో తిట్టడం వినిపించింది. అమ్మవారే నన్ను పాస్ చేసిందని సాయంత్రానికి కంపెనీ అంతా అనుకున్నారు. కాదనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం నాకు అభిషేకం జరిగింది. నా చేత్తో విరిచిన మొదటి రొట్టెను మూడు అంతస్తులు ఎక్కి బిక్షపతి తాత నోటికి అందించి వచ్చాను. ఆయన నమిలినంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

నేను తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు పందిరిలో ప్రేమవిందుకు అంతా సిద్ధంగా ఉంది. బగారన్నం, కోడికూర, పెరుగుచట్నీ. కంపెనీ వాళ్ళందరినీ పిలిచాను. నరేందర్ వచ్చాడు, పోశయ్య వచ్చాడు, సత్తమ్మక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. భోజనానికి ముందు వంటకాల దగ్గర నిలబడి ప్రార్థన చేయాలి. ఆ ప్రార్థన ఇప్పుడు నాది. చేసేముందు ఒక పని చేశాను. కొత్త స్టీలు డబ్బా ఒకటి కొని ఉంచాను. ప్రార్థన పడకముందే అందులో బగారన్నం, కూర సర్ది, మూత పెట్టి, పక్కకు తీశాను. పదకొండేళ్ళ బాకీ తీరుస్తున్నానని నాకు గర్వంగా ఉంది. పొద్దుటి నుంచి దీప దగ్గర నాలుగుసార్లు చెప్పుకున్నాను కూడా.

ప్రార్థన అయ్యాక ఆ డబ్బా తీసుకెళ్ళి సత్తమ్మక్క ముందు పెట్టాను. ఇది ముందుగాలనే తీసిన అక్కా, తిను అన్నాను.

ఆమె డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. "నాకెందుకు తీసినవ్?" అంది.

మా దేవుడి ముందు ప్రార్థన చేసింది కదా అని నసిగాను.

"అయితే ఏందిరా?" అంది. నన్ను ఆమె రా అనడం అదే మొదలు. "నేను దర్గాల మలీద తింట, గుళ్ళె పులిహోర తింట. దేవునికి సూపెట్టింది తింటె ఎవలకన్న కడుపునొస్తదా? తిననోనివి నువ్వు. నీ పట్టింపుకు తీసిన గని నాకెన్నడున్నది పట్టింపు?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. పదకొండేళ్ళు ఆమె డబ్బా తింటూ, మా ఇద్దరి మధ్యా ఒక గడప ఉందని, దాన్ని ఇద్దరం మర్యాదగా కాపాడుతున్నామని నేను అనుకున్నాను. ఆ గడప నా ఒక్కడిదే. ఆమె ఏనాడో ఇవతలికి వచ్చి, నా కోసం ఒక డబ్బా పట్టుకుని నిలబడింది. సిగ్గేసింది. అంత సిగ్గులో కూడా నాకు మహా సంతోషంగా ఉంది, ఎందుకో అడిగితే చెప్పలేను.

బంతి అంతా చూస్తుండగా డబ్బా మూత తీసి, అందులోది మళ్ళీ పెద్ద బగారన్నం గంజులో కుమ్మరించి, గరిటెతో కలిపాను. ఆ గంజులోంచే సత్తమ్మక్క విస్తట్లో వడ్డించాను. ఇంకింత పెట్టు అంది. పెట్టాను.